రాజీనామా రాయమంటే రాయాలా?

న్యాయ సలహా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: ఒక ప్రైవేటు కంపెనీకి చెందిన కర్నూలు కార్యాలయంలో, అకౌంట్సు విభాగంలో పనిచేస్తున్నాను. వయసు 52. సర్వీసు 19 సంవత్సరాల 7 నెలలు. నెల జీతం రూ. 46,000, అందులో బేసిక్, డీఏ కలిపి రూ. 26,000. హోదా పేరు సీనియర్ ఎగ్జిక్యూటివ్ అయినా నేను చేసేది బిల్లులు సరిచూడడం, లెడ్జరు రాయడం. ఖర్చు తగ్గించుకోవాలని మా ఆఫీసులో ఐదుగురిని పొమ్మంటున్నారు. ఐదుగురమూ 45 దాటినవాళ్లమే. నిరుడు చేరిన కుర్రవాడు నా పని చూసుకుంటాడట. మూడు నెలల జీతం ఇస్తాం, ఈ కాగితం మీద సంతకం పెట్టండి, కాదంటే ఒక నెల జీతమిచ్చి తీసేస్తాం అని వారం గడువు పెట్టారు. 40 దాటినవారిని తొలగించకూడదని చట్టం ఉన్నట్టు వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా? కాగితం నకలు జతపరుస్తున్నాను.
— పేరు ప్రకటించవద్దన్న పాఠకుడు, కర్నూలు

జవాబు: వాట్సాప్‌లో వచ్చింది మన దేశపు చట్టం కాదు. అది అమెరికా చట్టానికి తోకా తలా తీసేసి పంపిన ముక్క. దాని అసలు సంగతి ఈ సంచికలోనే కడప పాఠకురాలికి ఇచ్చిన జవాబులో చూడవచ్చు. ప్రైవేటు ఉద్యోగంలో వయసును బట్టి వివక్ష చూపరాదని నేరుగా చెప్పే చట్టం మనకు లేదు. రాజ్యాంగంలోని 14, 16 అధికరణాలు ప్రభుత్వాన్ని, ప్రభుత్వ సంస్థలను కట్టడి చేస్తాయే తప్ప మీ కంపెనీని కాదు. మతం, కులం, లింగం వంటి ప్రాతిపదికలను పేరుపేరునా చెప్పిన 15వ అధికరణంలో వయసు ప్రస్తావనే లేదు. కాబట్టి ‘నన్ను వయసు చూసి తీసేశారు’ అన్న ఒక్క మాటను పట్టుకుని వెళితే కార్మిక శాఖలోనైనా, కోర్టులోనైనా మీ కేసు నిలబడడం కష్టం.

అంతమాత్రాన మీ చేతిలో ఏమీ లేదని అనుకోవద్దు. మన చట్టం వయసును లెక్కలోకి తీసుకోకపోయినా సర్వీసును తీసుకుంటుంది. ఒకే రకం పని చేసేవారిలో కొందరిని తగ్గించవలసి వస్తే చివర చేరినవారిని ముందు తీసేయాలి. అలా కాదనుకుంటే కారణాలు రాసిపెట్టాలి. ఇది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న నియమం. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కూడా ఉంది. నిరుడు చేరినవాణ్ణి ఉంచుకుని ఇరవై ఏళ్ల సర్వీసున్న మనిషిని ఎందుకు పంపుతున్నారో చెప్పవలసిన భారం కంపెనీ మీదే పడుతుంది. తొలగించిన ఏడాదిలోపు మళ్లీ మనుషులను తీసుకుంటే, తొలగించినవారికే ముందు అవకాశం ఇవ్వాలి కూడా.

ఈ రక్షణ చట్టం దృష్టిలో ‘వర్కర్’ అయినవారికే దక్కుతుంది. మీరు ఎగ్జిక్యూటివ్ అన్న పేరు చూసి వెనకాడుతున్నట్టున్నారు. విజిటింగ్ కార్డు మీద ఏముందో కోర్టులు చూడవు, రోజూ చేసే పని ఏమిటో చూస్తాయి. బిల్లులు, లెడ్జర్లు గుమాస్తా పని కిందికి వస్తాయి, దానికి జీతం పరిమితి లేదు. మేనేజర్లు, పాలనాధికారాలున్నవారు, నెలకు రూ. 18,000 మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్లు మాత్రమే బయట ఉంటారు. మీరు ఎవరికైనా సెలవు మంజూరు చేశారా, ఎవరినైనా ఉద్యోగంలోకి తీసుకున్నారా అని అడుగుతారు. లేదన్నది మీ జవాబైతే, ఆ మాటను బలపరిచే మెయిళ్లు, పని కేటాయింపు కాగితాలు ఇప్పుడే నకళ్లు తీసుకోండి. కంపెనీ మెయిలు మూసేశాక అవి దొరకవు. మీ పనికి సంబంధించినవి చాలు. ఖాతాదారుల వివరాల జోలికి వెళ్లవద్దు, అది మీ మీదే తిరగబడుతుంది.

ఇక కాగితం సంగతి. మొదటి పంక్తిలోనే ‘నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాజీనామా చేస్తున్నాను’ అని ఉంది. మూడు నెలల జీతం ఆ పంక్తికి ఇస్తున్న వెల. తనంతట తాను ఉద్యోగం వదిలినవారికి రిట్రెంచ్‌మెంట్ (యజమాని ఉద్యోగాలు తగ్గించి తీసేయడం) నియమాలేవీ వర్తించవు. నోటీసు, నష్టపరిహారం, చివర చేరినవారు ముందు అన్న క్రమం అన్నీ ఒక్క సంతకంతో పోతాయి. ఎంత పోతుందో లెక్క చూద్దాం. నోటీసు గానీ, దాని బదులు ఒక నెల వేతనం గానీ కాక, పూర్తయిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు వేతనం పరిహారంగా ఇవ్వాలి; ఆరు నెలలు మించిన భాగాన్ని ఏడాదిగా లెక్కిస్తారు కనుక మీ సర్వీసు 20 ఏళ్లవుతుంది. బేసిక్, డీఏ మాత్రమే లెక్కగట్టినా 13,000ను 20తో హెచ్చిస్తే రూ. 2,60,000. కొత్త కోడ్ ప్రకారం, తొలగించిన కార్మికుడికి మరో 15 రోజుల వేతనాన్ని రీస్కిల్లింగ్ (కొత్త నైపుణ్యాలు నేర్చుకునే) నిధి కింద 45 రోజుల్లో ఖాతాలో వేయాలి. మీకు ఇస్తామంటున్నది రూ. 1,38,000. కంపెనీవారి ఔదార్యం ఏపాటిదో దీన్ని బట్టి మీకే తెలుస్తుంది.

గ్రాట్యుటీ వేరు. ఐదేళ్లు దాటి పనిచేసినవారు రాజీనామా చేసినా అది వస్తుంది. 26,000ను 26తో భాగించి, 15తోనూ 20తోనూ హెచ్చిస్తే మీకు రావలసింది రూ. 3,00,000. కాగితంలోని నాలుగో షరతు ‘గ్రాట్యుటీతో సహా ఎలాంటి బాకీ లేదు’ అంటోంది. చట్టం ఇచ్చిన హక్కును అలా రాయించుకున్నంత మాత్రాన రద్దు చేయలేరు; 30 రోజుల్లో చెల్లించకపోతే వడ్డీ కూడా ఇవ్వాలి. అయితే ఆ షరతు మీద సంతకం ఉంటే మీరు కార్మిక శాఖ చుట్టూ తిరగవలసిన రోజులు పెరుగుతాయి. కొట్టివేయించడమే మేలు.

‘ఏ కోర్టుకూ వెళ్లను’ అన్న షరతు 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 28వ సెక్షను ముందు నిలవదు. ‘రెండేళ్లు ఇదే రంగంలో మరో కంపెనీలో చేరను’ అన్నది 27వ సెక్షను ప్రకారం చెల్లదు. చెల్లని షరతులను ఎందుకు రాస్తారంటే, చదివినవాడు భయపడి ఊరుకుంటాడని. అలాగని, ‘నాకు రావలసినదంతా ముట్టింది’ అని తెలిసి, చదివి, డబ్బు తీసుకున్నవారి సంతకాన్ని కోర్టులు తేలిగ్గా పక్కన పెట్టవు. ఒత్తిడి చేశారని తర్వాత చెప్పుకోవచ్చు గానీ, దాన్ని నిరూపించే బాధ్యత మీదే అవుతుంది.

నేనైతే రాజీనామా రాయవద్దనే చెబుతాను. ‘నేను రాజీనామా చేయడం లేదు; ఉద్యోగాలు తగ్గించదలిస్తే చట్ట ప్రకారం నోటీసు, పరిహారం లెక్క రాతపూర్వకంగా ఇవ్వండి’ అని హెచ్.ఆర్. వారికి ఈరోజే మెయిలు పంపండి, అదే ప్రతిని రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంటుతో పంపండి. మిగతా నలుగురూ ఇలాగే రాస్తే ఇంకా బలం. ఐదుగురి వయసులూ, చేరిన తేదీలూ, ఆఫీసులో ఉంచుకున్నవారి చేరిన తేదీలూ ఒక పట్టికగా రాసిపెట్టుకోండి. వయసు వివక్ష అన్న పేరుతో చట్టం లేకపోయినా, ఖర్చు తగ్గింపు అన్న కారణం నిజమా సాకా అన్నది తేల్చడానికి ఆ పట్టిక పనికొస్తుంది. ఒకవేళ ఈ జవాబు అచ్చయ్యేలోపే సంతకం పెట్టి ఉంటే, రాజీనామా అమల్లోకి వచ్చే తేదీ ఇంకా రాలేదేమో చూడండి. అంతకుముందే దాన్ని వెనక్కి తీసుకోవచ్చన్నది సాధారణ న్యాయ సూత్రం. తేదీ దాటితే, ఒత్తిడితో పెట్టిన సంతకమని ఆలస్యం చేయకుండా లిఖితపూర్వకంగా తెలపండి.

వారు నిజంగా తొలగిస్తే కర్నూలులోని కార్మిక శాఖ కార్యాలయంలో రాజీ అధికారికి దరఖాస్తు చేసుకోండి. ఒక్కరి తొలగింపు కూడా పారిశ్రామిక వివాదమే, యూనియన్ అవసరం లేదు. వివాదం తలెత్తి రెండేళ్లు దాటాక రాజీ ప్రక్రియ చేపట్టరు. అక్కడ తేలకపోతే, రాజీ అధికారి నివేదిక అందిన 90 రోజుల్లో పారిశ్రామిక ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. ఆఖరి జీతం మాత్రం కొత్త వేతన కోడ్ ప్రకారం రెండు పనిదినాల్లో ఇచ్చేయాలి. సంతకం పెడితేనే జీతం ఇస్తామనడం కుదరదు.

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరులోని ఒక కంపెనీలో డిప్యూటీ మేనేజరును, వయసు 48. నా కింద పద్నాలుగు మంది ఉన్నారు. రెండేళ్ల నుంచి రేటింగు తగ్గిస్తూ వచ్చి, ఇప్పుడు నాలుగు నెలల జీతంతో వెళ్లమంటున్నారు. ‘యువ బృందం కావాలి’ అని పైఅధికారి మీటింగులోనే అన్నారు. కేసు వేయవచ్చా?
— ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: అమ్మా, మీకు చెప్పవలసిన మాట అంత తీపిగా ఉండదు. పద్నాలుగు మందికి సెలవులు, రేటింగులు మీరే ఇస్తుంటే మీరు ‘వర్కర్’ కారు. ప్రైవేటు యజమాని చేత మళ్లీ ఉద్యోగంలోకి తీసుకునేలా చేయడం సాధారణంగా సివిల్ కోర్టు వల్ల కాదు. నియామక పత్రంలోని నోటీసు కాలానికి సమానమైన సొమ్ము వరకే నష్టపరిహారం దక్కే అవకాశం ఎక్కువ. మీ నోటీసు కాలం మూడు నెలలైతే, ఏళ్ల తరబడి నడిచే కేసు వల్ల మీకు వచ్చేది వారు ఇప్పుడు ఇస్తామన్న నాలుగు నెలల కంటే తక్కువ కావచ్చు. అందుకే మీ విషయంలో బేరమే దారి. ‘యువ బృందం’ అన్న మాట కేసుకు చాలకపోయినా బేరానికి పనికొస్తుంది. ఆ మీటింగు తేదీ, అక్కడున్నవారి పేర్లు రాసిపెట్టుకుని, ఆ మాటను ప్రస్తావిస్తూ మర్యాదగా ఒక మెయిలు పంపండి.

అడగవలసినవి డబ్బుతో ఆగిపోవు. కంపెనీ గ్రూపు ఆరోగ్య బీమాలో మీ అమ్మానాన్నలు ఉంటే, ఉద్యోగం ముగిసేలోపే అదే బీమా సంస్థలో వ్యక్తిగత పాలసీకి మార్చమని దరఖాస్తు పెట్టండి. షుగరు, బీపీ ఉన్న పెద్దవాళ్లకు ఆ తర్వాత కొత్త పాలసీ తీసుకోవడం ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు. రిలీవింగ్ లెటరులో ‘పనితీరు’ అన్న మాట రాకుండా చూసుకోండి. పీఎఫ్ పెన్షన్ సర్వీసు పదేళ్లు దాటి ఉంటే 58 ఏళ్లకు పూర్తి పెన్షన్ వస్తుంది. 50 నుంచే తీసుకోవచ్చు గానీ, ముందుగా తీసుకున్న ప్రతి ఏడాదికీ 4 శాతం తగ్గుతుంది.

ప్రశ్న: మా అన్నయ్య అమెరికాలో హెచ్-1బీ వీసా మీద ఉన్నాడు, వయసు 44. కంపెనీవారు చాలామందిని ఒకేసారి తీసేస్తూ, పరిహారం కావాలంటే మూడు రోజుల్లో సంతకం పెట్టమన్నారు. మేం ఇక్కడి నుంచి ఏం చెప్పాలో తెలియడం లేదు.
— ఒక పాఠకురాలు, కడప

జవాబు: 40 దాటినవారి పట్ల వివక్షను నిషేధించే చట్టాన్ని అమెరికా 1967లో చేసింది. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు అది వర్తిస్తుంది. అక్కడ పనిచేసే విదేశీయులకూ అది రక్షణే. 40 దాటినవారిని తొలగించనే కూడదని అది చెప్పదు, వయసు కారణంగా తొలగించకూడదంటుంది. 1990లో చేసిన సవరణ మీ అన్నయ్యకు సరిగ్గా సరిపోతుంది. మూకుమ్మడి తొలగింపులో ఆ చట్టం కింద హక్కులు వదులుకునే ఒప్పందమైతే చదువుకోవడానికి 45 రోజులు, సంతకం తర్వాత మనసు మార్చుకోవడానికి 7 రోజులు ఇవ్వాలి. లాయరును సంప్రదించమని రాతపూర్వకంగా చెప్పాలి. ఆ విభాగంలో ఎంపిక చేసినవారివీ, ఉంచుకున్నవారివీ హోదాలు, వయసులు జాబితాగా ఇవ్వాలి. మూడు రోజుల గడువుతో ఆ షరతులు నెరవేరవు. అలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టి డబ్బు తీసుకున్నా, ఈ చట్టం కింద దావా వేసే హక్కు పోదని అక్కడి సుప్రీంకోర్టు 1998లో చెప్పింది. ఫిర్యాదు చేయదలిస్తే గడువు 180 రోజులు, చాలా రాష్ట్రాల్లో 300 రోజులు.

అయితే వీసా లెక్క వేరుగా నడుస్తుంది. ఉద్యోగం ముగిసిన రోజు నుంచి గరిష్ఠంగా 60 రోజులే ఆయనకు మిగులుతాయి, ఒప్పందం చదవడానికి ఇచ్చే 45 రోజులు దాన్ని ఆపవు. అందుచేత మీ అన్నయ్య ముందు ఆ 45 రోజుల గడువునూ, వయసుల జాబితానూ మెయిలులో అడగాలి. దానితోపాటు, పరిహారంలో కొంత తగ్గినా సరే, పేరోల్‌లో ఉండే ఆఖరి తేదీని నెలో రెండు నెలలో పొడిగించమని బేరమాడాలి. ఆ తేదీ వీసాకు ఎలా లెక్కకొస్తుందో సంతకానికి ముందే అక్కడి ఇమిగ్రేషన్ లాయరును అడిగి తెలుసుకోమనండి.