రిమోట్ డెస్క్‌టాప్‌కి రెండో తాళం

ఆఫీసులోని విండోస్ కంప్యూటర్‌లోకి ఇంటి నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్తుంటే, పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లో కూడా అనుమతి అడిగేలా చేయొచ్చా అన్నది ప్రశ్న.

చేయొచ్చు. కానీ మామూలు లోకల్ అకౌంట్‌కి (ఆ కంప్యూటర్‌లోనే తెరిచిన ఖాతాకి) విండోస్‌లోనే ఆ సదుపాయం లేదు, విడిగా సాఫ్ట్‌వేర్ పెట్టుకోవాలి. చిన్న ఆఫీసుకైతే నేను డుయో (ఫోన్‌లో అనుమతి అడిగే లాగిన్ రక్షణ సేవ) చెబుతాను, 10 మంది వరకు ఉచితం. వాళ్ల సైట్‌లో అకౌంట్ తెరిచి, రిమోట్ డెస్క్‌టాప్ అప్లికేషన్ జోడిస్తే రెండు కీలు, ఒక సర్వర్ చిరునామా వస్తాయి. ఆఫీసు కంప్యూటర్‌లో డుయో ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అవి అడుగుతుంది. డుయోలో యూజర్ పేరు విండోస్‌లో ఉన్నట్టే ఉండాలి. చాలామంది ఇరుక్కునేది ఇక్కడే.

ఇన్‌స్టాలర్‌లో ఒక టిక్ జాగ్రత్తగా చూడండి: నెట్ లేనప్పుడు రెండో అంచె (ఫోన్ అనుమతి) వదిలేయాలా అన్నది. ఉంచితే నెట్ తీగ పీకినవాడికి పాస్‌వర్డ్ ఒక్కటీ చాలు. తీసేస్తే నెట్ పోయిన రోజు మీరే బయట నిలబడతారు. తీసేసి, నెట్ లేకుండా పనిచేసే ఆఫ్‌లైన్ కోడ్‌లు మీ ప్లాన్‌లో ఉంటే ముందే సిద్ధం చేసుకోవడం మేలు.

సెటప్ చేస్తున్నంతసేపూ అడ్మిన్ ఖాతాతో ఇంకో లాగిన్ తెరిచే ఉంచండి. తేడా వస్తే అదే దారి.

ఇంకోటి, సేఫ్ మోడ్‌లో (విండోస్‌ని అత్యవసర భాగాలతోనే తెరిచే పద్ధతిలో) ఈ కాపలా పనిచేయదు. మెషీన్ దగ్గరికి ఎవరైనా రాగలిగితే బిట్‌లాకర్ (డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసే విండోస్ సదుపాయం) కూడా పెట్టండి. రిమోట్ డెస్క్‌టాప్ వాడే 3389 పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచితే మాత్రం ముందు అది మూసి, వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి రహస్య దారి) వెనక్కి మార్చండి.