హిమాలయ సరస్సుకు ట్రెక్కింగ్: మోకాళ్ల కంటే ముందు ఆ మాత్రల కవరు సంగతి

ప్రశ్న: మాది కనిగిరి. నా వయసు 47. నాలుగేళ్లుగా బీపీకి టెల్మిసార్టాన్, క్లోర్‌థాలిడోన్ కలిసిన మాత్ర రోజూ పొద్దున్నే వేసుకుంటున్నాను. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మా మేనల్లుడు, అతని ఫ్రెండ్స్‌తో కలిసి మనాలి దగ్గరున్న భృగు సరస్సుకు ట్రెక్కింగ్‌కు వెళ్తున్నాను. శుక్రవారం రాత్రి ఢిల్లీలో బస్సెక్కి, శనివారం పొద్దున మనాలిలో దిగి, ఆ రోజే కొండెక్కి టెంట్లలో పడుకుంటాం. ఆదివారం సరస్సు చూసి దిగిపోతాం. వీపు మీద 12 కిలోల బ్యాగు ఉంటుంది. నాకు అప్పుడప్పుడు మోకాళ్లు నొప్పి చేస్తాయి. మోకాలికి తొడిగే నీ క్యాప్ వేసుకోవాలా, జెల్ రాసుకుంటే సరిపోతుందా? ఉదయగిరి కోట ఆగకుండా ఎక్కాను కాబట్టి కొండలు అలవాటే. పోయిన ఏడాది విమానంలో లేహ్ వెళ్లినప్పుడు మొదటి రాత్రి తలనొప్పి, వాంతులు వచ్చాయి కానీ రెండు పెయిన్‌కిల్లర్లతో సర్దుకుంది. ఈసారి తెలిసిన మెడికల్ షాపులో ముందుగానే మందులు కట్టించుకున్నాను. ఫొటో పంపుతున్నాను.

జవాబు: మోకాళ్ల గురించి చివర్లో చెబుతాను. నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది మీరు పంపిన ఫొటో, ఆ లేహ్ సంగతి.

ఫొటోలో ఒక ఖాకీ కాగితం కవరు, దాని మీద పెన్నుతో 1-0-1 అని రాసి ఉంది. పక్కన కత్తెరతో కత్తిరించిన మాత్రల ముక్కలు. ఒకదాని మీద పేరు సగమే ఉంది. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోయినట్టుంది. నేను చదవగలిగినంత వరకు అందులో ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిసిన పెయిన్‌కిల్లర్ ఉంది, ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా వేసే డయామాక్స్ ఉంది, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంది, ఆల్ప్రజోలమ్ అనే నిద్రమాత్ర ఉంది. మీకు బీపీ ఉందా, ఏం మాత్ర వాడుతున్నారు, ఏ మందైనా పడదా అని ఆ షాపులో ఎవరైనా అడిగారా? అడిగి ఉంటే ఈ నాలుగూ ఒకే కవరులో పెట్టి ఇచ్చేవాళ్లు కాదు.

ముందు లేహ్ విషయం. లేహ్ దాదాపు 11,500 అడుగుల ఎత్తులో ఉంది. నేరుగా విమానంలో దిగిన మొదటి రాత్రే తలనొప్పి, దానికి తోడు వాంతులు అంటే అది గ్యాస్ కాదు, ప్రయాణం బడలిక కాదు. వేరే కారణం ఉందని తేలేదాకా దాన్ని ఎత్తు వల్ల వచ్చిన జబ్బుగానే లెక్కవేయాలి. ఒకసారి వచ్చినవాళ్లకు అదే వేగంతో ఎక్కితే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. పెయిన్‌కిల్లర్‌తో సర్దుకుంది అని మీరు రాశారు. తగ్గింది తలనొప్పి. ఒళ్లు ఆ ఎత్తుకు అలవాటు పడింది మాత్రం మీరు లేహ్‌లో కదలకుండా ఉన్నందువల్ల అయి ఉంటుంది. అదే మాత్ర వేసుకుని మర్నాడు పొద్దున ఇంకో రెండు వేల అడుగులు పైకి నడిచి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం.

ఈసారి మీ ప్లాన్ సరిగ్గా అలాగే ఉంది. మనాలి 6,700 అడుగుల దగ్గర ఉంటుంది. భృగు సరస్సు దాదాపు 14 వేల అడుగులు. శనివారం రాత్రి మీ టెంట్లు 12 వేల అడుగుల పైన వేస్తారనుకుంటాను, లేకపోతే ఆదివారం సరస్సు చూసి దిగడం కుదరదు. అంటే కనిగిరి ఎండల్లోంచి బయలుదేరి, బస్సులో రాత్రంతా నిద్ర లేకుండా కూర్చుని, దిగిన రోజే ఐదు వేల అడుగులకు పైగా ఎక్కి అక్కడే పడుకుంటారు. సరస్సు దగ్గర మీ ఊపిరితిత్తులకు అందే ఆక్సిజన్ సముద్ర మట్టంలో అందేదాంట్లో 60 శాతం ఉంటుంది. గాలిలో ఆక్సిజన్ పాలు మారదు, గాలి ఒత్తిడి తగ్గుతుంది. ఉదయగిరి కొండ మూడు వేల అడుగులు. అది ఎక్కడం వల్ల మీ కాళ్లకు, గుండెకు మంచి కసరత్తు దొరికింది, సంతోషం. పల్చటి గాలికి అలవాటు మాత్రం అక్కడ దొరకదు. ఫిట్‌గా ఉన్న కుర్రాళ్లు కూడా ఇక్కడే పొరబడతారు, వేగంగా ఎక్కేస్తారు, రాత్రికి పడిపోతారు. ఈ మాట మీ మేనల్లుడికీ వర్తిస్తుంది.

ఇక పెయిన్‌కిల్లర్. దీని గురించి కొంచెం ఎక్కువగానే రాస్తాను, ఎందుకంటే మీది కనిగిరి. ఫ్లోరైడ్ నీళ్లతో కీళ్లు, నడుము పట్టేసి, ఏళ్ల తరబడి షాపులో కొన్న నొప్పి మాత్రలు మింగి, కాళ్లకు వాపులతో, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగాక ఒంగోలుకో నెల్లూరుకో వచ్చే మనుషులను మీ వైపు నుంచే చూస్తుంటాం. కిడ్నీ జబ్బుకు కారణాలు చాలా ఉండొచ్చు, అన్నిటినీ మాత్రల మీదికి తోసేయలేం. మన చేతిలో ఉన్న కారణాల్లో మాత్రం ఇదొకటి.

మీ బీపీ మాత్రలో రెండు మందులున్నాయి. టెల్మిసార్టాన్ కిడ్నీ వడపోత గదిలోంచి రక్తం బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. మామూలు రోజుల్లో అది కిడ్నీకి మేలే. క్లోర్‌థాలిడోన్ మూత్రం ద్వారా ఉప్పును, నీటిని బయటికి పంపుతుంది. వీటి మీద ఎసిక్లోఫెనాక్ వేస్తే అది రక్తం లోపలికి వచ్చే నాళాన్ని ఇరుకు చేస్తుంది. వచ్చే దారి ఇరుకు, పోయే దారి వదులు, ఒంట్లో నీరు తక్కువ: వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. ఇంట్లో ఒకరోజు ఇలా జరిగితే చాలామంది తట్టుకుంటారు. కొండ మీద చెమట పోస్తుంది, ఆకలి ఉండదు, వాంతులు కావచ్చు, పైగా మీ కవరులో ఉన్న డయామాక్స్ కూడా మూత్రం ఎక్కువగా పంపే మందే. అప్పుడు రెండు మూడు రోజుల్లోనే కిడ్నీ దెబ్బతినొచ్చు. అందుకే ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటివి ఈ ట్రిప్పులో మీకు వద్దు. తలనొప్పికైనా మోకాలికైనా లివర్ సమస్య లేకపోతే ఉత్త పారాసెటమాల్ వాడుకోవచ్చు, అదీ హద్దులో. అలాగని బీపీ మాత్ర మీకు మీరే మానేయకండి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజు దాన్ని వేసుకోవాలా, ఆపాలా అన్నది వెళ్లేముందే మీ డాక్టరును అడిగి రాయించుకోండి.

పారాసెటమాల్‌తో తలనొప్పి పోయినా సరే, ఇంకా పైకి వెళ్లి పడుకోవడానికి అది పర్మిషన్ కాదు.

డయామాక్స్ మంచి మందే. మీలాంటి పాత చరిత్ర ఉన్నవాళ్లకు మేమే రాస్తాం. మామూలుగా 125 మిల్లీగ్రాములు, అంటే మన దగ్గర దొరికే 250 మాత్రలో సగం, రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి మొదలుపెట్టిస్తాం. వేళ్లు తిమ్మిరిగా ఉండటం, మూత్రం ఎక్కువసార్లు రావడం మామూలే. మీ విషయంలో చిక్కు ఏమిటంటే, క్లోర్‌థాలిడోన్ కూడా పొటాషియం తగ్గిస్తుంది, ఇదీ తగ్గిస్తుంది. డయామాక్స్ సల్ఫా కోవకు చెందిన మందు, కాబట్టి సల్ఫా మందులకు ఎప్పుడైనా ఒళ్లంతా దద్దుర్లు, ముఖం వాపు వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు చెప్పకుండా దీన్ని ముట్టుకోకూడదు. రక్త పరీక్ష చూసి మీ డాక్టరు సరే అంటేనే వేసుకోండి. ఈ జవాబు చూసి మొదలుపెట్టొద్దు.

డెక్సామెథసోన్ మెదడు వాచినప్పుడు, మనిషిని కిందికి దించుతూ ఇచ్చే మందు. ముందు జాగ్రత్తగా రోజూ వేసుకుంటే ఒంట్లో బాగున్నట్టే ఉంటుంది కానీ శరీరం ఎత్తుకు అలవాటు పడదు. ఆపగానే జబ్బు మీద పడుతుంది. బీపీ, షుగరు కూడా పెంచుతుంది. ఆల్ప్రజోలమ్ అయితే తీసి పక్కన పెట్టేయండి. ఆ ఎత్తులో నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడుతుంది, నిద్రమాత్ర, మద్యం రెండూ దాన్ని ఇంకా మందగింపజేస్తాయి. కుర్రాళ్లు టెంట్లో బాటిల్ తీస్తే మీరు దూరంగా ఉండండి.

ప్లాన్ మార్చమని అడుగుతున్నాను. 10 వేల అడుగులు దాటాక ఒక రాత్రికీ ఇంకో రాత్రికీ పడుకునే చోటు 1,600 అడుగులకు మించి పెరగకూడదన్నది అందరూ పాటించే లెక్క. పగలు ఎంత ఎత్తుకు వెళ్లొచ్చినా, రాత్రి ఎక్కడ పడుకున్నారన్నదే ముఖ్యం. మనాలిలో ఒకటి, వీలైతే రెండు రాత్రులు, 10 వేల అడుగుల దగ్గర ఒక రాత్రి, ఆ తర్వాత ఈ లెక్క దాటని ఎత్తులో పై క్యాంపు. అంటే ఇంకో రెండు మూడు రోజులు సెలవు పెట్టాలి. కుదరదంటే మండి జిల్లాలోని పరాశర సరస్సుకు వెళ్లండి. అది 9 వేల అడుగుల లోపే ఉంటుంది. మూడంతస్తుల కొయ్య గుడి, నీళ్లలో తేలే గడ్డి దిబ్బ, చుట్టూ మంచు కొండలు. శని, ఆదివారాలకు అది సరిపోయే ట్రిప్పు. భృగువు బదులు పరాశరుడి దర్శనం అవుతుంది.

ఏ కొండకు వెళ్లినా, మీతో వచ్చేవాళ్లంతా ఇది నేర్చుకోవాలి. తలనొప్పితో పాటు వికారం, నీరసం, తల తిరగడం ఉంటే అక్కడే ఆగాలి, పైకి కదలకూడదు. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, పొడి దగ్గు పట్టుకున్నా, పెదవులు నీలంగా మారినా అది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం కావచ్చు. ఇది తరచూ రెండో రాత్రి బయటపడుతుంది. నేల మీద గీత గీసి, ఒక పాదం మడమకు రెండో పాదం వేళ్లు తాకేలా నడవమనండి. తూలుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా మెదడు వాచిందని అనుమానించాలి. ఈ రెండిట్లో ఏది వచ్చినా తెల్లారేదాకా చూద్దాం అనుకోకూడదు. అర్ధరాత్రయినా తోడు మనిషితో, వీలైతే ఆక్సిజన్‌తో దించాలి. వెయ్యి నుంచి మూడు వేల అడుగులు దిగితే చాలామందికి తెరిపి వస్తుంది, ఆ తర్వాత ఆస్పత్రి. వేలికి పెట్టే ఆక్సిమీటరు అంకె ఆ ఎత్తులో అందరికీ తక్కువే చూపిస్తుంది. అంకె బాగుందని మనిషి బాగోలేని సంగతి వదిలేయొద్దు.

మోకాళ్లు: నీ క్యాప్ వేసుకోండి, ధైర్యంగా ఉంటుంది, తప్పులేదు. అసలు నొప్పి దిగేటప్పుడు వస్తుంది కాబట్టి రెండు చేతికర్రలు తీసుకెళ్లండి. 12 కిలోలు మీకు ఎక్కువ. పెద్ద బ్యాగు గుర్రానికో పోర్టరుకో ఇచ్చి, నీళ్లు, స్వెటరు, మందులు మాత్రం వీపున పెట్టుకోండి. వాపు ఉన్నా, మోకాలు పట్టేసినా, నడుస్తుంటే జారిపోతున్నట్టున్నా ఎముకల డాక్టరుకు చూపించాకే బయలుదేరండి. జెల్ తక్కువ చోట, ఒకటి రెండు రోజులు రాసుకోవచ్చు.

మిమ్మల్ని చూడకుండా రాసిన జవాబు ఇది, మీ డాక్టరు మాటే ఆఖరు. ఈ వారంలోనే బీపీ చూపించుకుని క్రియాటినిన్, సోడియం, పొటాషియం, షుగరు, ఈసీజీ చేయించుకోండి. మెట్లెక్కుతుంటే ఛాతీలో బరువు, మామూలుకు మించి ఆయాసం ఎప్పుడైనా వచ్చి ఉంటే దాచకుండా చెప్పండి, అప్పుడు ఎకో (గుండె స్కానింగ్) కూడా అవసరం కావచ్చు. ఆ ఖాకీ కవరు కూడా పట్టుకెళ్లి డాక్టరు టేబుల్ మీద పెట్టండి. అక్కడ ఒప్పుకున్న మందులు మాత్రమే, పేరూ తేదీ కనిపించేలా పూర్తి స్ట్రిప్పులుగా కొనుక్కోండి. మీరు వాడే మాత్ర పేరు, మోతాదు ఒక కాగితం మీద రాసి మీ మేనల్లుడి జేబులో ఉంచండి.