విపత్తు నిర్వహణలో పీజీ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలం. మా అమ్మాయి బీఎస్సీ కంప్యూటర్స్ చివరి సంవత్సరం చదువుతోంది. 2021 నవంబరులో పెన్నా వరద చూసినప్పటి నుంచి విపత్తు నిర్వహణలో పీజీ చేస్తానంటోంది. బంధువులు ఎంసీఏ గానీ బీఈడీ గానీ మేలంటున్నారు. ఈ చదువుకు ఉద్యోగాలున్నాయా? ఆడపిల్లకు తగిన పనేనా?

జవాబు: నమస్కారమండీ. ఆ నవంబరులో పడుగుపాడు వద్ద రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, జాతీయ రహదారి సైతం కోతకు గురై రాకపోకలు నిలిచిపోయిన సంగతి మీరు కళ్లారా చూసినదే. అటువంటి రాత్రి పెన్నా మీది సోమశిల జలాశయం నుంచి ఇన్ని క్యూసెక్కులు వదిలితే నీరు ఎన్ని గంటల్లో ఏ ఊరికి చేరుతుందో, ముందుగా ఏ కాలనీని ఖాళీ చేయించాలో, అక్కడ నెలలు నిండిన గర్భిణులు ఎందరో, వారిని ఏ దారిన ఏ ఆసుపత్రికి చేర్చాలో పటం ముందుంచుకొని చెప్పగల మనిషి కంట్రోల్ రూములో ఉండి తీరాలి. మీ అమ్మాయి కోరుకుంటున్న చదువు ఆ పనికి సంబంధించినది కనుక దీనిని చిన్నపిల్ల ముచ్చటగా కొట్టిపారేయవద్దని నా మనవి.

ఉద్యోగాల సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెప్పాలి. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టంతో జాతీయ, రాష్ట్ర, జిల్లా స్థాయిల్లో ప్రాధికార సంస్థలు ఏర్పడ్డాయి గానీ, ఈ పట్టా ఉన్నవారి కోసమే గ్రూప్స్ మాదిరిగా క్రమం తప్పకుండా పడే నోటిఫికేషన్లు లేవు. దొరికేవాటిలో ఎక్కువ భాగం ప్రభుత్వ ప్రాజెక్టుల్లోనూ, స్వచ్ఛంద సంస్థల్లోనూ కాంట్రాక్టు పద్ధతిలో ఉంటాయి. కాబట్టి పట్టా ఒక్కదాన్నే నమ్ముకోకుండా, దానికి తోడుగా చేతిలో ఒక గట్టి నైపుణ్యం ఉండేలా చూసుకోవాలి.

మీ అమ్మాయి కంప్యూటర్స్ విద్యార్థిని కావడం ఇక్కడ కలిసివచ్చే అంశం. ఉపగ్రహ చిత్రాలను, గ్రామాల వివరాలను ఒకే పటం మీదికి తెచ్చే జీఐఎస్ ఆమె నేర్చుకోదగిన విద్య. ఇస్రోకు చెందిన డెహ్రాడూన్‌లోని శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్ ఈ విషయంలో ఉచిత ఆన్‌లైన్ కోర్సులు నడుపుతోంది. ఈ సెలవుల్లోనే మొదలుపెట్టించండి. ఉపగ్రహ చిత్రాలతో వరద ముంపు పటాలు తయారుచేసే ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ, 2007 నుంచి సునామీ హెచ్చరికలు అందిస్తున్న జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ రెండూ హైదరాబాదులోనే ఉన్నాయి. ఆ తరహా సంస్థలు ప్రాజెక్టు సిబ్బందిని తీసుకునేటప్పుడు చూసేది ఈ నైపుణ్యాన్నే.

పీజీకి నా మొదటి సూచన ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్. అక్కడ విపత్తు అధ్యయనాలకు ప్రత్యేక విభాగమే ఉంది, ప్రవేశం సీయూఈటీ పీజీ అనే జాతీయస్థాయి ప్రవేశపరీక్ష ద్వారా జరుగుతుంది. ఇల్లు విడిచి వెళ్లే వీలు లేకపోతే ఎంసీఏ చేస్తూనో, ఉద్యోగం చేస్తూనో ఇగ్నో దూరవిద్యలో ఈ విషయంపై పీజీ డిప్లొమా చేసే మార్గం ఉంది. బంధువుల సలహాకు, అమ్మాయి కోరికకు ఇది మధ్యేమార్గం కూడా. గన్నవరం దగ్గర కొండపావులూరులో 2025 జనవరిలో ప్రారంభమైన జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణ ప్రాంగణం గురించి మీరు విని ఉండవచ్చు. అక్కడ ప్రధానంగా జరిగేవి శిక్షణ తరగతులు గనుక దానిని డిగ్రీ కళాశాలగా భావించవద్దు.

ఆడపిల్లకు తగిన పనేనా అన్నారు. తుఫాను షెల్టరులో ఒక్క రాత్రి గడిపిన బాలింతను అడిగి చూడండి. మరుగుదొడ్డికి వెలుగున్న దారి, పసిబిడ్డకు పాలిచ్చేందుకు చాటు, నెలసరి అవసరాలు వంటివి పునరావాస ప్రణాళికలో చోటు దక్కించుకోవాలంటే ఆ ప్రణాళిక రాసేవారిలో స్త్రీలు తప్పక ఉండాలి. వానలో, రాత్రివేళ తిరగవలసిన రోజులు ఉంటాయన్నది నిజమే. అందుకే ఫీజు కట్టే ముందు కలెక్టరేట్‌లోని విపత్తు నిర్వహణ విభాగంలో విపత్తు వేళ సాయపడే ‘ఆపద మిత్ర’ వాలంటీర్ల శిక్షణ గురించి విచారించి, అవకాశం ఉంటే అమ్మాయిని పంపండి. ఈ పని తన ఒంటికి, మనసుకు సరిపడుతుందో లేదో సీయూఈటీ దరఖాస్తు నింపేలోపే ఆమెకు తెలిసిపోతుంది.