బెత్‌పేజ్ బ్లాక్‌లో ఒక రౌండ్‌కు ఎంత పెట్టుకోవాలి?

అన్నా, జూన్‌లో న్యూజెర్సీలో తమ్ముడి ఇంటికి వెళ్తూ బెత్‌పేజ్ బ్లాక్ గోల్ఫ్ కోర్సులో ఆడాలంటే ఎంత దాచుకోవాలని అడిగారు కదా. అది న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వ పార్కు. తక్కువ ధర ఆ రాష్ట్రం డ్రైవింగ్ లైసెన్స్ లాంటి గుర్తింపు ఉన్నవాళ్లకే. కరీంనగర్ నుంచి వెళ్లిన మీకెంతో, న్యూజెర్సీలో ఉండే తమ్ముడికీ అంతే. బయటివాళ్ల రేటు చాలా ఎక్కువ, ఆ లెక్కే వేసుకోండి.

గోల్ఫ్ కార్ట్ ఇవ్వరు, మొత్తం నడకే. క్యాడీని (బ్యాగు మోసే సహాయకుణ్ని) పెట్టుకుంటే అతని ఫీజు, పైన టిప్పు. అసలు బడ్జెట్ తప్పేది ఇక్కడే. గోల్ఫ్ కర్రల సెట్టు తమ్ముడిదే వాడుకోండి, విమానంలో మోసుకెళ్లడం దండగ. మొదటి టీ (ఆట మొదలుపెట్టే చోటు) దగ్గర బాగా ఆడేవాళ్లకే అని హెచ్చరిక బోర్డు ఉంటుంది, కాబట్టి బంతులు పోతాయి, ఎక్కువే పట్టుకెళ్లండి! సోమవారం మూసేస్తారు. ఖర్చు భారమనిపిస్తే పక్కనే రెడ్ కోర్సు ఉంది, చవక, కానీ తేలికేం కాదు.