కొత్త చీమే అని ఎలా తేల్చాలి?

ప్రశ్న: వర్షారణ్యంలో రాలిన ఆకులు జల్లించి, వింక్లర్ సంచిలో రెండు రోజులు వేలాడదీస్తే కిందికి రాలిన చీమల్లో ఒక రకం ఏ గుర్తింపు పట్టికకూ అందడం లేదు. కొత్త జాతిగా ప్రకటించాలంటే ఏం చేయాలి?

జవాబు: పట్టికకు అందలేదంటే కొత్తదని కాదు, పట్టికే పాతదై ఉండొచ్చు. పేరున్న చీమ జాతులు ఇప్పటికే 14,000 పైచిలుకు. మీ చీమ ఏ ప్రజాతిదో తేల్చుకుని, అందులోని ప్రతి జాతి తొలి వర్ణననూ చదవండి. దగ్గరగా కనిపించిన వాటి హోలోటైపులను, అంటే జాతికి పేరు పెట్టినప్పుడు ప్రమాణంగా ఎంచిన నమూనాలను, మ్యూజియంలో చూడండి, కనీసం వాటి ఫొటోలైనా తెప్పించుకోండి. పనిలో సగం ఇదే. ఫీడోల్ అనే ప్రజాతి చీమల్లో ఒకే గూట్లో మామూలు కూలి చీమలూ ఉంటాయి, పెద్ద తలకాయలవీ ఉంటాయి. విడివిడిగా దొరికితే రెండు జాతులనిపిస్తాయి. రెక్కల మగచీమైతే కూలి చీమతో పోలికే ఉండదు. అందుకే గూడు దొరికితే అన్ని రకాలూ కలిపి సేకరించాలి.

డీఎన్ఏ కోసం కొన్నిటిని 95 శాతం ఆల్కహాల్‌లోనే ఉంచండి. లోపల వేసే చీటీ పెన్సిల్‌తో రాయండి, బాల్‌పెన్ సిరా కరిగిపోతుంది. వర్ణించే చీమను మాత్రం ఆరబెట్టాల్సిందే. తడి పొర మెరుపులో ఒంటి మీది గీతలు, గుంటలు కనపడవు. సూదికి గుచ్చిన చిన్న త్రికోణపు అట్టముక్క కొనకు నీటిలో కరిగే జిగురు రవ్వంత అద్ది, నడిమి, వెనక కాళ్ల మొదళ్ల మధ్య చీమను ఆనించండి. జిగురు ఎక్కువైతే నడుము ముడి అడుగుభాగం కప్పుకుపోతుంది. జాతుల తేడా చాలాసార్లు అక్కడే ఉంటుంది.

కొలతల్లో తలదే చిక్కు. మైక్రోస్కోప్ కింద తల ముందంచు, వెనకంచు రెండూ ఒకేసారి స్పష్టంగా కనపడేలా సరిచేశాకే పొడవు తీయాలి. తల కాస్త వాలినా పొడవు తగ్గి కనిపిస్తుంది, వెడల్పును పొడవుతో భాగిస్తే వచ్చే నిష్పత్తి పెరిగిపోతుంది. పొడవు 0.70 మి.మీ., వెడల్పు 0.62 అయితే తల సూచిక, అంటే ఆ నిష్పత్తికి వందరెట్లు, 89. అదే పొడవును 0.66గా చదివితే 94! లేని జాతి పుట్టుకొచ్చేది ఇలాగే. దవడలను పొడవులో కలపకండి.

వర్ణనలో ఒకే చీమను హోలోటైప్‌గా ప్రకటించి, అది ఏ మ్యూజియంలో ఉందో రాయాలి. మిగతావి పారాటైపులు. దగ్గరి జాతుల నుంచి దీన్ని వేరుచేసే లక్షణాలు విడిగా చెప్పాలి. పేరులో రెండో మాట లాటిన్ విశేషణమైతే ప్రజాతి లింగానికి తగ్గట్టు దాని చివర మారాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రికైతే జంతువుల శాస్త్రీయ నామాల అధికారిక ఆన్‌లైన్ రిజిస్టరైన జూబ్యాంక్‌లో నమోదు ముందే చేయించి, ఆ వివరం వ్యాసంలోనే చూపాలి. 2012 నుంచి ఇది నియమం. లేకుంటే పేరు చెల్లదు.

ప్రశ్న: ఒక్క చీమే దొరికితే?

జవాబు: నియమాలు అడ్డుచెప్పవు. బ్రెజిల్‌లో మనౌస్ దగ్గర 2003లో దొరికిన కళ్లులేని ఒకే ఒక్క కూలి చీమతో 2008లో మార్షియాలిస్ హ్యురేకాను వర్ణించారు. అది తెలిసిన ఏ ప్రజాతిలోనూ ఇమడని చీమ. మీది తెలిసిన ప్రజాతిలోదే అయితే ఇంకొన్ని దొరికేదాకా ఆగండి. తల వెడల్పులో కనిపించిన తేడా జాతిదో, ఆ ఒక్క చీమదో ఒంటరి నమూనా చెప్పలేదు.