టీచర్ డాక్టరుకు చూపించమన్నారు, అత్తగారు బుద్ధిమంతుడంటున్నారు

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా బాబుకు ఐదున్నరేళ్లు. ఇంట్లో గలగలా మాట్లాడతాడు, టీచర్ ఆట ఆడుతూ బొమ్మలకు పాఠాలు చెబుతాడు. రెండు నెలల క్రితం కిండర్‌గార్టెన్‌లో చేరాడు. అక్కడ అడిగితేనే, అదీ ఒక్క మాటలో జవాబిస్తాడట, తల దించుకుంటాడట. టీచర్ డాక్టరుకు చూపించమన్నారు. గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు 'బుద్ధిమంతుడు, వాడికేం' అంటున్నారు. ఆటిజమేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి ఆటిజం అనిపించడం లేదమ్మా. ఆటిజం ఉంటే ఆ ఇబ్బంది ఇంట్లోనూ ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. మీ బాబు ఇంట్లో కబుర్లు చెబుతున్నాడు, ఊహించుకుని ఆడుతున్నాడు. పిలిస్తే పలుకుతాడా, నచ్చినది తెచ్చి మీకు చూపిస్తాడా, మీ కళ్లలోకి చూస్తాడా? ఇవీ ఉంటే నాకు పెద్దగా భయం లేదు.

టీచర్‌నూ అత్తగారినీ తప్పుపట్టలేం. పెద్దవాళ్లు మందలిస్తుంటే కళ్లెత్తి చూసిన పిల్లాణ్ని మన ఇళ్లలో 'ఏంటా చూపు, తల దించు' అంటాం. అక్కడ తల దించుకుంటే వినట్లేదనుకుంటారు. చైనా, కెనడా దేశాల్లోని రెండేళ్ల పిల్లల మీద 1998లో ఒక అధ్యయనం వెలువడింది. కొత్తవాళ్ల దగ్గర బెరుగ్గా ఉండే పిల్లల్ని చైనా తల్లులు ఆదరంగా చూశారు, కెనడా తల్లులకు అదే బెరుకు నచ్చలేదు. పోనీ చైనాలోనైనా అది స్థిరంగా ఉందా? షాంఘై బడుల్లో 1990లో బిడియస్తులైన పిల్లలంటే తోటివాళ్లకూ టీచర్లకూ ఇష్టం. 2002 నాటికి అలాంటి పిల్లల్ని తోటివాళ్లే దూరం పెట్టడం కనిపించింది. మన హైదరాబాద్‌లోనూ అంతే. ఒకప్పుడు అల్లరి తగ్గించమని వచ్చేవారు, ఇప్పుడు 'మా పాప స్టేజ్ ఎక్కట్లేదు డాక్టర్' అంటూ వస్తున్నారు.

అలాగని టీచర్ మాట కొట్టిపారేయకండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలు కొత్త భాషలో నోరు విప్పడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. ఇంట్లో బాగా మాట్లాడుతూ బడిలో మాత్రం అస్సలు నోరు తెరవకపోవడం, బడి మొదలైన తొలి నెల దాటాక కూడా సాగితే సెలెక్టివ్ మ్యూటిజం అనే ఆందోళన సమస్య ఉందేమో చూడాలి. మీ బాబు కొద్దిగానైనా జవాబిస్తున్నాడు కాబట్టి ఆ అవకాశం తక్కువే, అయినా పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి.

అతిథుల ముందు 'హాయ్ చెప్పు, చెప్పు' అని ఒత్తిడి చేయకండి, బెరుకు ఇంకా పెరుగుతుంది. తరగతిలో ఒక స్నేహితుణ్ని శనివారం ఇంటికి పిలవండి. మీ ఇంట్లో తల దించుకోవడం మర్యాద అని టీచర్‌కు చెప్పండి, బాబు ఇంట్లో మాట్లాడే వీడియో ఒకటి చూపించండి.