బెజవాడలో ఇల్లు చూసేవారు ముందు అడగవలసిన మాట

అడిగిన ప్రశ్న: "హైదరాబాద్‌లో పన్నెండేళ్ళుగా ఉద్యోగాలు చేస్తున్నాము. అమ్మానాన్నలతో, పిల్లలతో కలిసి విజయవాడలో స్థిరపడాలని అనుకుంటున్నాము. అక్కడ ఉంటున్నవారు ఊరి మంచిచెడ్డలు చెప్పగలరా?"

ఈ ప్రశ్నకు ఇప్పటికే చాలామంది సమాధానాలు రాశారు. ఎండలు భరించలేమన్నవారు ఉన్నారు, తిండికి ఈ ఊరిని మించినది లేదన్నవారు ఉన్నారు, ఒకాయన బెంజ్ సర్కిల్ దగ్గర సాయంత్రం పూట ట్రాఫిక్‌లో పడే అవస్థను రెండు పేరాల్లో వివరించారు. అవన్నీ నిజమే. కానీ ఇంటి నేల రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉందో చూసుకోండని ఒక్కరూ చెప్పలేదు. అజిత్‌సింగ్‌నగర్ దాటాక వచ్చే పాయకాపురంలో ఇరవై ఆరేళ్ళుగా ఉంటున్నదానిని కనుక, ఆ మాట నేను చెప్పవలసి వస్తున్నది.

ముందుగా మీ అమ్మానాన్నల సంగతి. పెద్దవారితో వచ్చేవారికి ఈ ఊరు అనుకూలమైనదే. సూర్యారావుపేట వీధుల్లో నడుస్తుంటే అడుగడుగునా డాక్టర్ల బోర్డులు కనిపిస్తాయి, ఒక చోట నచ్చకపోతే నాలుగడుగులు వేసి మరొకరికి చూపించుకోవచ్చు. చెన్నై, హౌరా, ఢిల్లీ, హైదరాబాద్ దారులు కలిసే జంక్షన్ కావడం వల్ల ఏ పిల్లవాడు ఏ ఊళ్ళో ఉన్నా రైలెక్కి వెళ్ళి రావచ్చు. నేను ఏలూరు రోడ్డుకు దగ్గరలోని ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతాను. సాయంత్రం పని ముగించుకుని పుస్తకాల షాపుల ముందు నుంచి నడుచుకుంటూ బస్సు దగ్గరకు రావడం, 1989లో మొదలైన పుస్తక మహోత్సవం కోసం ప్రతి జనవరిలోనూ కొంత డబ్బు దాచుకోవడం నాకు ఈ ఊరు ఇచ్చిన సుఖాలు. ఇక ఎండ మాటకు వస్తే, రోహిణీ కార్తెలో పగటి కంటే రాత్రే ఎక్కువ బాధిస్తుంది. చుట్టూ ఉన్న రాతి కొండలు పగలంతా తాగిన వేడిని రాత్రి పన్నెండు దాకా కక్కుతూనే ఉంటాయి. దానికి అలవాటు పడవలసిందే, వేరే మార్గం లేదు.

ఇప్పుడు అసలు విషయం. విజయవాడ అంటే కృష్ణ ఒడ్డున ఉన్న ఊరని అందరికీ తెలుసు, ప్రకాశం బ్యారేజీ మీద ఫోటో దిగనివారు ఉండరు. ఊరికి ఉత్తరం వైపున బుడమేరు అనే వాగు ఉన్నదని, అది మైలవరం వైపు కొండల నుంచి వచ్చి మా పేటల పక్కగా కొల్లేరుకు పోతుందని కొత్తగా వచ్చేవారిలో చాలామందికి తెలియదు. ఏడాదిలో ఎక్కువ రోజులు అది మురుగు కాలువలా కనిపిస్తుంది కనుక ఎవరూ లెక్క చేయరు. పాతవారు మాత్రం దానిని బెజవాడ దుఃఖదాయిని అంటారు. వరద వచ్చినప్పుడు ఆ నీటిని ఊరి మీదికి రానివ్వకుండా వెలగలేరు దగ్గర రెగ్యులేటరు కట్టి, మళ్ళింపు కాలువ ద్వారా బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. ఆ ఏర్పాటులోనే చిక్కు కూడా ఉంది. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు కాలువ నీరు నదిలోకి పోలేక వెనక్కు తన్నుతుంది. కొండల్లో వానా, నదిలో వరదా ఒకేసారి వస్తే ఆ నీరు ఎక్కడికి పోవాలి?

2024 ఆగస్టు 31, శనివారం నాడు రోజంతా కురిసిన వాన గురించి మీరు విని ఉంటారు. ఆ రోజే మొగల్రాజపురంలో కొండ చరియలు ఇళ్ళ మీద పడి ప్రాణాలు పోయాయి. మా వైపు వీధిలో పాదం మునిగేంత నీరు నిలిచింది, ప్రతి వానకూ అంతే కదా అని పడుకున్నాము. ఆదివారం తెల్లవారుతుండగా లేచేసరికి వాన తగ్గుముఖం పట్టింది. కానీ గడప దాటి నీరు లోపలికి వస్తున్నది, పైగా అది వాన నీటిలా లేదు, ఎర్రగా, చిక్కగా, ఒక వైపు నుంచి తోసుకుంటూ వస్తున్నది. మళ్ళింపు కాలువ ఎడమ గట్టుకు గండ్లు పడ్డాయని మాకు అప్పటికి తెలియదు. మావారు గోధుమపిండి డబ్బా, టీవీ మంచం మీదికి ఎక్కిస్తూ ఉండగా పై వాటాలో ఉండే మామ్మగారు మెట్ల మీద నిలబడి, "సామాను తరువాత చూసుకోవచ్చు, ముందు మీ అత్తగారిని పైకి తీసుకురండమ్మా" అని కేకవేశారు. ఆమె ఆ మాట అనకపోతే మేము ఇంకో అరగంట మంచాల మీద సామాను పేర్చుకుంటూ ఉండేవాళ్ళమే.

మా అత్తగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళు వంగవు. ఆమెను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మావారు, ఎదురింటి అబ్బాయి, కూరగాయల బండి తోసుకునే మరొకాయన కలిసి బయటి మెట్ల మీదుగా పైకి చేర్చారు. మొదటి మెట్టు దగ్గర నీరు మోకాలి లోతు ఉంది. చీరలు, సర్టిఫికెట్ల సంచీ తెద్దామని నేను మళ్ళీ కిందికి దిగేసరికి నడుము దాటింది. వంటింట్లో సగం ఖాళీ అయిన గ్యాస్ బండ నీళ్ళ మీద తేలుతూ గోడకు తగులుతున్నది. సంచీ దొరికింది, చీరలు దొరకలేదు.

ఆ పై వాటాలో రెండు గదుల్లో మేము పద్నాలుగు మందిమి నాలుగు రాత్రులు గడిపాము. కరెంటు లేదు, ఫోన్లు మొదటి రోజు సాయంత్రానికే ఆరిపోయాయి. చుట్టూ కనుచూపు మేర నీళ్ళే, తాగడానికి మాత్రం మామ్మగారి బిందెలే దిక్కు. కుళాయి ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియని రోజుల్లో కాపురం చేసిన మనిషి కనుక ఆమె ప్రతి రాత్రీ ఇంట్లో ఉన్న పాత్రలన్నీ నింపి పడుకుంటారు. ఆ అలవాటే మమ్మల్ని బతికించింది. స్టీలు గ్లాసుతో కొలిచి పూటకు మనిషికి ఒక గ్లాసు చొప్పున పంచారు, పిల్లలకు మాత్రం రెండు. తన వంతు నీటిని మా అత్తగారి మాత్రలకు ఇచ్చి ఆమె తడి గుడ్డతో పెదవులు తుడుచుకోవడం నేను చూశాను. రాత్రి అందరూ పడుకున్నాక కింద మా గ్యాస్ బండ తలుపుకు తగిలి ఠంగుమని, కాసేపాగి మళ్ళీ ఠంగుమని మోగేది. అది మా ఇంటి తలుపని తెలిసి కూడా ఎవరో వచ్చి తడుతున్నట్టు ప్రతిసారీ ఉలిక్కిపడేదానిని.

మూడో రోజు మా వీధిలోకి పడవ వచ్చింది. అందులో పాల ప్యాకెట్లు, పులిహోర పొట్లాలు ఉన్నాయి. కొన్ని వీధులకు డ్రోన్లతో అందించారట, మా వీధికి తెచ్చిన కుర్రవాళ్ళు గుణదల వైపు నుంచి సొంత ఖర్చుతో వచ్చినవారు. మేము చివరకు ట్రాక్టరులో సింగ్‌నగర్ వంతెన దాకా చేరాము. వంతెన దాటగానే ఊరంతా మామూలుగా ఉండడం, హోటళ్ళలో ఇడ్లీలు తింటూ ఉండడం చూసి మా అబ్బాయి ఏడ్చేశాడు. అప్పటిదాకా ఏడవని పిల్లవాడు వాడు. అదే ఊరు, అదే కార్పొరేషను, అదే పన్ను. వంతెనకు ఇవతల ఒక బతుకు, అవతల ఒక బతుకు. అందుకే ఏ పేటకు ఏ నీరు వస్తుందో తెలుసుకోకుండా ఈ ఊరు మంచిదా చెడ్డదా అని తేల్చలేరని నేను అంటున్నాను. అదే రోజుల్లో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన ప్రవాహం పోతుంటే, వరద వచ్చిన ప్రతిసారీ భయపడే కృష్ణలంకను నది ఒడ్డున కట్టిన గోడ కాపాడింది. గోడ ఉన్నచోట నది ఆగింది, గట్టు తెగినచోట వాగు ఊరిని ముంచింది. చేయదలచుకుంటే చేయగలరని దీనితో రుజువైంది కదా.

సైన్యం కూడా వచ్చి చేరాక, మూడు గండ్లనూ పూడ్చేసరికి వినాయక చవితి వచ్చింది. ఆ తరువాత ఇంట్లోకి వెళితే గోడ మీద చుట్టూతా నల్లటి గీత, టేపు పెట్టి కొలిస్తే అయిదడుగుల రెండంగుళాలు. బియ్యం బస్తా పులిసి మొలకెత్తింది. మా నాన్నగారి పాత నిఘంటువు ఉన్న గూడు ఆ గీతకు కింద ఉంది. పుస్తకం ఉబ్బి గూటికి బిగుసుకుపోవడం వల్ల చేత్తో రాలేదు, చెక్కను గునపంతో పగలగొట్టి తీయవలసి వచ్చింది. డాబా మీద ఇటుకల మధ్య నిలబెట్టి, రోజుకు కొన్ని పేజీల చొప్పున వేరు చేస్తూ పద్దెనిమిది రోజులు ఎండబెట్టాను. మొదటి సగం విడింది, 'ప' దగ్గర నుంచి అట్ట దాకా ఒకే ముద్ద అయింది. అందరూ తిట్టే ఈ ఊరి ఎండే మా పరుపులను, తలుపులను, ఆ సగం పుస్తకాన్ని తిరిగి ఇచ్చింది కనుక ఎండ గురించి నేను ఫిర్యాదు చేయడం మానేశాను.

ఇక్కడ ఒక విషయం చెప్పకుండా ఉండలేను. వరద తరువాత ఊళ్ళో చాలామంది, చదువుకున్నవారు కూడా, "వాగులో ఇళ్ళు కట్టుకుంటే మునగక ఏమవుతుంది" అన్నారు. మా వీధిలో ఎవరూ వాగును ఆక్రమించలేదు. రిజిస్ట్రేషను అయిన స్థలాలు, బ్యాంకు అప్పులు, ఏటా కట్టిన ఇంటి పన్ను రసీదులు మా దగ్గర ఉన్నాయి. ఆ రసీదులు కూడా తడిశాయి. ఆటోలు నడిపేవారు, బట్టల కొట్లలో పనిచేసేవారు, నాలాంటివారు లబ్బీపేటలో ఇల్లు కొనలేక ఇటు వచ్చారు. స్థలం అమ్మినప్పుడు గాని, ప్లాను మంజూరు చేసినప్పుడు గాని ఇది పల్లం అని ఒక్కరూ చెప్పలేదు, ఇప్పుడు తప్పంతా కొన్నవారిది అంటున్నారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు నీళ్ళలో ఉన్నప్పటి కంటే ఎక్కువ బాధ కలుగుతుంది.

రెండో ఫిర్యాదు రోడ్ల గురించి. మేము ఇల్లు కట్టుకున్నప్పుడు గడప రోడ్డు కంటే రెండడుగులు ఎత్తులో ఉండేది. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త సిమెంటు రోడ్డు వేయడం, అయిదారేళ్ళకు మళ్ళీ దాని మీద మరొకటి వేయడం వల్ల ఇప్పుడు మేము రోడ్డు మీద నుంచి ఇంట్లోకి ఒక మెట్టు దిగుతాము. ఊళ్ళో ఏ పాత వీధికి వెళ్ళినా ఇదే కనిపిస్తుంది. రోడ్డు వేసిన రోజున అందరూ సంతోషిస్తారు, ఇల్లు నాలుగంగుళాలు పల్లంలోకి పోయిందని ఎవరూ లెక్క వేసుకోరు. నన్ను అడిగితే విజయవాడలో సగం ఇళ్ళు మునిగేది వాగుల వల్ల కాదు, ఇలా వేసిన రోడ్ల వల్లనే.

ప్రభుత్వం సహాయం ఇచ్చినప్పుడు కింది అంతస్తులో మునిగిన ఇంటికి 25,000 రూపాయలు, పై అంతస్తువారికి 10,000 రూపాయలు అని నిర్ణయించింది. అది న్యాయమే. దానిని బట్టి మీరు గ్రహించవలసినది ఏమిటంటే, ఈ ఊళ్ళో కింది వాటాకూ పై వాటాకూ ఉన్న తేడా గాలీ వెలుతురూ మాత్రమే కాదు. మెట్లు ఎక్కలేని పెద్దవారు ఉన్నారని అందరూ కింది వాటా అడుగుతారు, మీరూ అదే అనుకుంటూ ఉంటారు. మేమూ అత్తగారి కోసమే కింద ఉన్నాము. లిఫ్టు ఉన్న అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు చూసుకోండి, అద్దె రెండు మూడు వేలు ఎక్కువైనా వెనుకాడకండి. సెల్లారులో కారు పెట్టే అపార్ట్‌మెంటు అయితే ఆ సెల్లారులోకి నీరు వస్తే తోడే మోటారు ఉందా, అది పనిచేస్తుందా అని వాచ్‌మన్‌ను అడగండి. యజమాని అన్నీ బాగున్నాయనే చెబుతాడు, వాచ్‌మన్ ఉన్నది చెబుతాడు.

అయితే ఇంత జరిగినా మీరు ఇక్కడే ఎందుకు ఉన్నారు అని మీరు అడగవచ్చు. అప్పు ఇంకా ఆరేళ్ళు ఉంది, అది ఒక కారణం. పనికి వెళ్ళడానికి ముప్పావు గంటలోపే పడుతుంది, అది రెండోది. కానీ అన్నిటికంటే పెద్ద కారణం, నీళ్ళు తీసిన వారంలో ఎవరూ పిలవకుండానే పటమట నుంచి, వన్‌టౌన్ నుంచి, గన్నవరం దాటిన పల్లెల నుంచి మనుషులు చీపుళ్ళు, ఫినాయిల్ పట్టుకుని వచ్చి మా గదుల్లో బురద ఎత్తిపోయడం. వారిలో ఒకామె మా వంటగది గట్టును గీకి గీకి కడిగి, తన పేరు కూడా చెప్పకుండా పక్క ఇంటికి వెళ్ళింది. ఆపదలో ఇంతగా కదిలే ఊరు మరొకటి ఉంటుందని నేను నమ్మను. హైదరాబాద్‌లో పన్నెండేళ్ళు ఉన్న మీరు పోల్చి చెప్పగలరేమో గాని, నా మట్టుకు నేను ఈ ఊరిని వదలను.

ఇల్లు చూడటానికి వేసవిలో రాకండి, ఎండాకాలంలో ఈ ఊళ్ళో ఏ వీధి అయినా ఎత్తుగానే కనిపిస్తుంది. ఆగస్టు చివరిలోనో సెప్టెంబరులోనో, రెండు రోజులు ముసురు పట్టాక రండి. మా వైపు వస్తే గోడలకు కొత్తగా వేసిన సున్నాన్ని చూసి మోసపోవద్దు, మెట్ల కింద, బాత్‌రూము వెనుక ఎవరూ రంగు వేయని చోట చూస్తే గీత కనిపిస్తుంది. కరెంటు మీటరు ఎక్కడ బిగించారో కూడా చూడండి. మా వీధిలో ఇదివరకు అవి నడుము ఎత్తులో ఉండేవి. ఇప్పుడు రీడింగు తీసే అబ్బాయి ప్రతి ఇంటి ముందూ స్టూలు అడుగుతున్నాడు.